సాయంత్రం పడవ షికారు: బయల్దేరే టైమ్ కాదు, తిరిగొచ్చే టైమ్ చూడండి

సూర్యాస్తమయం చూపించే పడవలు ఏళ్లుగా ఎక్కుతున్నాను. మోటారు బోట్లు, తెరచాప పడవలు, రెండంతస్తుల పెద్ద బోట్లు అన్నీ ఎక్కాను. ఇప్పుడు టికెట్ కొనే ముందు మొదట అడిగేది ఒక్కటే: పడవ ఒడ్డుకు ఎన్నింటికి చేరుతుంది?

ఎందుకంటే అసలు రంగులు పొద్దు మునిగాకే వస్తాయి. ఆకాశంలో పైన పల్చటి మబ్బులుంటే, పది పదిహేను నిమిషాల తర్వాత కింది నుంచి వెలుగు తగిలి అవి నారింజకు, గులాబికి, ఆ తర్వాత ఊదాకు తిరుగుతాయి. చాలా పడవలు సరిగ్గా అప్పుడే ఇంజన్ పెంచి వెనక్కి మళ్లుతాయి. నాకు భలే బాధేస్తుంది. అస్తమయం అయ్యాక కనీసం అరగంట నీటి మీదే ఉంచే ట్రిప్పు తీసుకోండి. భూమధ్యరేఖకు దగ్గరి తీరాల్లో సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగుతాడు కాబట్టి చీకటి త్వరగా పడుతుంది. దూరం వెళ్లేకొద్దీ సంధ్య సాగుతుంది, అక్కడ ఇంకాసేపు ఉండాలి.

తర్వాత దిక్కు. సూర్యుడు సరిగ్గా పడమట దిగేది మార్చి, సెప్టెంబరు 20 ప్రాంతాల్లోనే. జూన్‌లో వాయవ్యానికి, డిసెంబరులో నైరుతికి జరుగుతాడు. అందుకే జూన్‌లో నీళ్లలోకి దిగిన సూర్యుడు, అదే తీరంలో డిసెంబరుకి కొండ చాటున పడొచ్చు. ఫొటోలు చూసి మురిసిపోకుండా, మీరు వెళ్లే నెలలో ఎటు దిగుతాడో మ్యాప్‌లో చూసుకోండి. తూర్పు తీరమైతే పొద్దు నగరం వెనక దిగుతుంది. కాస్త లోపలికి వెళ్లి వెనక్కి చూస్తే అదీ బాగుంటుంది.

పడవల్లో నా ఓటు కటమరాన్‌కే. అడుగున పక్కపక్కనే రెండు పొట్టలు (నీళ్లలో తేలే భాగాలు) ఉంటాయి కాబట్టి పక్కలకు ఊగడం తక్కువ. తెరచాప పడవలో ఇంజన్ ఆపాక వినిపించే నీళ్ల చప్పుడు దేనికీ రాదు, కానీ అది ఒక పక్కకు ఒరుగుతుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కష్టం. పెద్ద బోట్లలో పై డెక్ ఎక్కువ ఊగుతుంది, వెనక వైపు డీజిల్ పొగ వస్తుంది. కడుపులో తిప్పే అలవాటుంటే కింది డెక్ మధ్యలో కూర్చుని దూరంగా దిగంతాన్నే చూడాలి.

గాలి వేగం 15 నాట్లు (గంటకు దాదాపు 28 కిలోమీటర్లు) దాటేలా ఉంటే నేను వాయిదా వేసుకుంటాను. అందుకే డబ్బు కట్టేముందే తేదీ మార్చుకోనిస్తారో లేదో అడగండి. పిల్లలతో వెళ్తే లైఫ్ జాకెట్ ఒడ్డు మీదే తొడిగి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం దాటి పైకొస్తే చిన్న సైజు అడగండి. లేదంటే ఆ పడవ ఎక్కొద్దు.