ఒకే పంపు మీద 30 ఏళ్ళా, ఏడాదికో ప్రొటీనా? ఏది మేలు?

మొన్న ల్యాబ్‌లో జూనియర్ తమ్ముడొకడు వచ్చి "అన్నా, అయాన్ పంపుల స్ట్రక్చర్ మీద పీహెచ్‌డీ చేద్దామనుకుంటున్నా, క్రిస్టల్స్ నేర్చుకోనా, క్రయో ఈఎం నేర్చుకోనా, ఏది మేలు?" అని అడిగాడు. అయాన్ పంపంటే సోడియం, కాల్షియం లాంటి ఆవేశమున్న పరమాణువుల్ని (అయాన్లని) కణం పొర దాటించే ప్రొటీన్. దాని ఆకారం, అంటే స్ట్రక్చర్ తియ్యడానికి రెండు పద్ధతులు: ప్రొటీన్‌ని స్ఫటికం (క్రిస్టల్) చేసి ఎక్స్‌రేలు వెయ్యడం, లేదా గడ్డకట్టించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూడటం (క్రయో ఈఎం). రెండు ముక్కల్లో చెప్పి పంపేద్దామనుకున్నా, గంటన్నర పట్టింది. ఎందుకంటే వాడు అడిగింది మెషీన్ గురించే అయినా, అసలు తేల్చుకోవాల్సింది వేరే ఉంది: జీవితాంతం ఒకే పంపుని పట్టుకు కూర్చోవడమా, లేక చేతికొచ్చిన పద్ధతితో దొరికిన ప్రొటీన్ అల్లా చేసుకుంటూ పోవడమా అని.

ముందు పంపుకీ ఛానల్‌కీ తేడా చెప్పుకోవాలి. ఛానల్ కూడా అయాన్లని పొర దాటించే ప్రొటీనే, కానీ గేటు తీస్తే కాలవ పారినట్టే, పొటాషియం ఛానల్ గుండా సెకనుకి కోట్ల అయాన్లు వెళ్ళిపోతాయి. పంపు అలా కాదు, ఏతం వేసి నీళ్ళు తోడినట్టు ఎదురు దిక్కుకి తోడాలి, ఒక ఏటీపీ (కణానికి ఇంధనం లాంటి అణువు) ఖర్చు పెట్టి సోడియం పంపు 3 సోడియంలని బయటికి పంపి 2 పొటాషియంలని లోపలికి తెస్తుంది, కండరంలో ఉండే కాల్షియం పంపు ఒక ఏటీపీకి 2 కాల్షియంలని తోడుతుంది. సెకనుకి మహా అయితే వంద చుట్ల లెక్కలో తిరుగుతుంది. రెండు వైపులా తలుపులున్నాయి కానీ రెండూ ఒకేసారి తెరుచుకోకూడదు, తెరుచుకుంటే ఇంక అది పంపు కాదు, చిల్లు. కాబట్టి ఛానల్‌కి ఒక్క మంచి ఫోటో తీసినా చాలా అర్థమైపోతుంది, పంపుకి ఒక్క ఫోటో ఏం చాలదు. కడవ పైనున్నప్పుడు ఒకటి, కింద మునిగినప్పుడు ఒకటి, మధ్యలో ఇంకో రెండు మూడు, అన్నీ కావాలి.

ఛానల్ వైపు మంచి ఉదాహరణ రోడరిక్ మెకిన్నన్. డాక్టర్ చదువు చదివినాయన, పొటాషియం ఛానల్ ఎలా పనిచేస్తుందో చూడాలని మధ్యలో క్రిస్టలోగ్రఫీ నేర్చుకుని 1998లో స్ట్రక్చర్ తీశాడు, 2003లో నోబెల్ వచ్చేసింది. అయిదేళ్ళు! పంపు వైపు యెన్స్ స్కౌ ఉన్నాడు, డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో, ఎండ్రకాయ కాళ్ళ నరాల్లో సోడియం పంపు ఎంజైమ్‌ని 1957లో పట్టుకున్నాడు, నోబెల్ 1997లో వచ్చింది. లెక్క మీరే వేసుకోండి. అవార్డు కోసమే అయితే పంపుల జోలికి రావద్దు, ఇది మాత్రం వాడికి మొదటి నిమిషంలోనే చెప్పేశా.

ఇప్పుడు అసలు పోలిక. పంపుల స్ట్రక్చర్లో రెండు పెద్ద దారులు కనిపిస్తాయి నాకు, ఒకటి టోక్యోలో చికాషి తోయోషిమా గారిది, రెండోది స్కౌ ఉన్న ఆర్హుస్‌లోనే పౌల్ నిస్సెన్ గ్రూప్‌ది.

తోయోషిమా కథ మొదలయ్యింది ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో. 1988లో నైజెల్ అన్విన్‌తో కలిసి ఎసిటైల్‌కోలిన్ రిసెప్టర్ (నరాల సంకేతం అందుకునే ఛానల్) మీద పేపర్ వేశాడు, తర్వాత కాల్షియం పంపుకి వచ్చాడు. 1993లో గొట్టాల్లాంటి క్రిస్టల్స్ నుంచి 14 ఆంగ్‌స్ట్రాంల (ఆంగ్‌స్ట్రాం అంటే మిల్లీమీటర్‌లో కోటో వంతు, అంకె తగ్గేకొద్దీ ఫోటో స్పష్టం) దాకా, 1998కి 8 ఆంగ్‌స్ట్రాంల దాకా లాక్కొచ్చారు. 8 దగ్గర హెలిక్స్‌లు (ప్రొటీన్‌లో స్ప్రింగులా చుట్టుకున్న భాగాలు) కర్రల్లా కనిపిస్తాయి అంతే, ఏ అమైనో ఆసిడ్ ఎక్కడుందో తెలీదు, కాల్షియం కనపడే మాటే లేదు. అప్పటి మైక్రోస్కోప్‌తో అంతకంటే వెళ్ళడం కుదరదని ఎక్స్‌రే క్రిస్టల్స్‌కి మారిపోయాడు, అదే పంపు, అదే కుందేలు కండరం, పద్ధతి మాత్రం మార్చాడు. 2000లో 2.6 ఆంగ్‌స్ట్రాంల స్ట్రక్చర్ వచ్చింది, 10 హెలిక్స్‌ల మధ్య రెండు కాల్షియంలు పక్కపక్కన కూర్చుని ఉన్నాయి. అక్కడితో ఆపేసి వేరే ప్రొటీన్‌కి పోయే వాళ్ళే ఎక్కువ. ఈయన 2002లో కాల్షియం లేని స్థితి తీశాడు, అప్పుడు గానీ తెలియలేదు అది ఎంత కదులుతుందో! పైనుండే మూడు ముక్కల్లో ఒకటి దాదాపు 90 డిగ్రీలు వంగుతుంది, ఇంకోటి 110 డిగ్రీలు తిరుగుతుంది. మొదటి ఫోటోలో ఏటీపీ పట్టుకునే చోటికీ ఫాస్ఫేట్ తగులుకోవాల్సిన ఆస్పార్టేట్ 351 (గొలుసులో 351వ అమైనో ఆసిడ్)కీ మధ్య చాలా దూరం కనిపించి, ఇదెలా కుదురుతుందబ్బా అనుకున్న సందేహం మిగతా స్థితులు వస్తే గానీ తీరలేదు.

ఆర్హుస్ వాళ్ళ దారి వేరు, వాళ్ళు ఒకదానికొకటి పోలిన పంపుల కుటుంబం మొత్తాన్ని పట్టుకున్నారు. 2007 డిసెంబర్‌లో ఒకే నేచర్ సంచికలో మూడు పేపర్లు వేశారు, పంది కిడ్నీ నుంచి తీసిన సోడియం పంపు, మొక్కల ప్రోటాన్ పంపు, కాల్షియం పంపు. తర్వాత అదే కుటుంబంలో అయాన్లకి బదులు లిపిడ్‌ని (పొరలోని కొవ్వు అణువుని) తిప్పే చుట్టాన్ని కూడా 2019లో క్రయోతో చూపించారు. వెడల్పు అంటే అది. సోడియం పంపులో కాల్షియం పంపులో లేని తోక ఏం చేస్తోంది, మూడో అయాన్‌కి చోటెక్కడ, ఇలాంటి ప్రశ్నలు అన్నదమ్ముల్ని పక్కపక్కన నిలబెడితేనే వస్తాయి.

రెండిట్లో ఏది మేలంటే జడ్జీలు కూడా తేల్చలేదు, 2016లో స్వీడన్ సైన్స్ అకాడమీ క్రిస్టలోగ్రఫీకి ఇచ్చే ఆమినోఫ్ ప్రైజ్ ఇద్దరికీ కలిపే ఇచ్చారు. ఇంకో సంగతి, ఎవరి దారిలో వాళ్ళు పోయినా ఢీకొట్టుకోవడం తప్పలేదు, 2004లో కాల్షియం పంపులో ఏటీపీ లాంటి అణువు కూర్చున్న స్థితి ఇద్దరూ కొద్ది వారాల తేడాలో వేశారు, 2013లో సోడియం పట్టుకున్న సోడియం పంపు కూడా ఇద్దరూ వేశారు. ఒకే పంపు మీద కూర్చుంటే పోటీ ఉండదనుకునే వాళ్ళు ఇది చూడాలి.

నా ఓటు మాత్రం తోయోషిమా దారికే, కాకపోతే కొత్తగా వచ్చే పిల్లలకి ఒక షరతుతో. పంపు మార్చొద్దు, పద్ధతి మీద మాత్రం ప్రేమ పెంచుకోవద్దు. ఈయన మైక్రోస్కోప్ నుంచి క్రిస్టల్‌కి వెళ్తే, 2013 తర్వాత కెమెరాలు బాగుపడి లోకమంతా క్రిస్టల్ నుంచి మైక్రోస్కోప్‌కి వెనక్కొచ్చింది, 2017 నోబెల్ కూడా దానికే. మరి పద్ధతినే నమ్ముకున్నవాడు ఎన్నిసార్లు మొదటికి రావాలి?

సరే క్రిస్టలా క్రయోనా అని పట్టుబట్టి అడిగితే, చేసిన వాడిగా చెప్తా. క్రిస్టల్ ట్రే అంటే 24 గుంటలు, వారాల తరబడి రోజూ మైక్రోస్కోప్ కింద పెట్టి చూడటం, 23 గుంటల్లో గోధుమరంగు మడ్డి. ఒకసారి నాకు అంచులు తీరిన అందమైన ముక్క దొరికింది, ఆ రాత్రి నిద్ర పట్టలేదు, పొద్దున్నే సన్న సూదితో తాకితే ప్రొటీన్‌లా మెత్తగా చిట్లకుండా టక్కుమంది. ఉప్పు! ఫాస్ఫేట్ బఫర్‌లో కాల్షియం వేస్తే ఇంకేమొస్తుంది, నా తెలివి. మెంబ్రేన్ (కణం పొరలో ఉండే) ప్రొటీన్‌కి ఇంకో బాధ డిటర్జెంట్, పొర నుంచి ప్రొటీన్‌ని విడదీసే సబ్బులాంటిది, అది ఎక్కువైతే ప్రొటీన్ చుట్టూ సబ్బు బుడగ మిగిలి ఒకదానికొకటి తగులుకోవు, తక్కువైతే ముద్దైపోతుంది. తోయోషిమా వాళ్ళు మళ్ళీ లిపిడ్ కలిపి డయాలిసిస్‌లో (పల్చటి పొర గుండా ద్రవం మెల్లగా మారేలా చేసి) పెంచారంటే ఎంత ఓపికో నాకైతే ఊహకందదు.

క్రయోలో ఈ బాధ లేదు, 3 మిల్లీమీటర్ల గ్రిడ్ మీద చుక్క వేసి, కాగితంతో అద్ది, చల్లటి ఈథేన్‌లో ముంచడమే. ప్రొటీన్ కూడా కొంచెమే కావాలి, ఒకే శాంపిల్‌లో రెండు మూడు స్థితులుంటే కంప్యూటర్‌లో విడగొట్టుకోవచ్చు, పంపులకి ఇది వరమే. కానీ ఐస్ మందమైతే ఏం కనపడదు, పల్చనైతే గాలి తగిలే అంచున ప్రొటీన్ విడిపోతుంది, పైగా కాల్షియం పంపు 110 కిలోడాల్టన్లే (ప్రొటీన్ బరువు కొలత), పెద్ద సైజేం కాదు, పైన మూడు ముక్కలు బయటికి పొడుచుకుని ఉన్నాయి కాబట్టి నయం. డేటా టెరాబైట్లలో వస్తుంది, ఎక్కడ దాచాలన్నదే ఒక తలనొప్పి. అయాన్‌ని కచ్చితంగా అయాన్ అని తేల్చాలన్నా, నీటి అణువులు లెక్కపెట్టాలన్నా మంచి క్రిస్టల్ దొరికితే దాన్ని వదులుకోను. ఇవాళ మొదలుపెట్టే వాడైతే మాత్రం ముందు క్రయోనే నేర్చుకోవాలి, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

ఇదంతా విన్నాక వాడు "అయితే మొదట ఏం చెయ్యమంటావ్ అన్నా" అన్నాడు. ప్రొటీన్ తియ్యరా, శుభ్రంగా, ఏటీపీ వేస్తే పనిచేసేలా, ఆ తర్వాతే మైక్రోస్కోప్ అన్నా. మొహం చిన్నబోయింది పాపం. పోయిన వారం జెల్ (ప్రొటీన్లని బరువు ప్రకారం గీతలుగా, అంటే బ్యాండ్లుగా విడదీసేది) ఫోటో పంపాడు, 110 దగ్గర బ్యాండ్ ఉంది. కింద ఇంకో అయిదు బ్యాండ్లు కూడా ఉన్నాయి.