హెచ్‌పీ 8563ఈ: రాడార్ పల్స్‌ల పనిలో ఏళ్ల తరబడి వాడాక

విశాఖలో ఓడల రాడార్లు బాగుచేసే పనిలో ఉన్నాను. ఏళ్లుగా నా బెంచీ మీద ఉన్న స్పెక్ట్రమ్ అనలైజర్ (సిగ్నల్ బలం ఏ ఫ్రీక్వెన్సీలో ఎంతుందో గీసి చూపే యంత్రం) ఈ పాత హెచ్‌పీ 8563ఈ, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. 26.5 గిగాహెర్ట్జ్ దాకా చూస్తుంది కాబట్టి 9410 మెగాహెర్ట్జ్ మాగ్నెట్రాన్లకు (రాడార్ పల్స్‌లు పుట్టించే గొట్టాలు) బయట ఇంకే మిక్సరూ (ఫ్రీక్వెన్సీని కిందికి దించే భాగం) పెట్టక్కర్లేదు. మామూలు క్యారియర్ (ఆగకుండా వచ్చే సిగ్నల్) చూడ్డానికి ఏ అనలైజరైనా సరిపోతుంది. పల్స్ దగ్గరికొచ్చేసరికే సెట్టింగుల మీద పట్టు కావాలి.

అన్నిటికన్నా ముందు తెలియాల్సింది ఒకటుంది. తెర మీద కనిపించే డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చి డెసిబెల్స్‌లో చెప్పే పవర్) పల్స్ అసలు బలం కాదు. 10 కిలోవాట్ల రాడార్, 0.8 మైక్రోసెకన్ల పల్స్, సెకనుకు 600 పల్స్‌లు అనుకోండి. 40 డీబీ కప్లర్ (పవర్‌లో చిన్న వాటా మాత్రం తీసి ఇచ్చేది), దాని తర్వాత 30 డీబీ అటెన్యుయేటర్ (సిగ్నల్‌ని తగ్గించేది) పెడితే అనలైజర్ మూతి దగ్గర పీక్ 0 డీబీఎం. ఆర్‌బీడబ్ల్యూ (రిజల్యూషన్ బ్యాండ్‌విడ్త్, అంటే లోపలి ఫిల్టర్ వెడల్పు) 100 కిలోహెర్ట్జ్ పెడితే తెర మాత్రం −18 చుట్టుపక్కల చూపిస్తుంది. శక్తి కొన్ని మెగాహెర్ట్జ్‌ల మేర పరుచుకుని ఉంటే ఫిల్టర్ అందులో చిన్న ముక్కనే పట్టుకుంటుంది మరి. పల్స్ వెడల్పును ఆర్‌బీడబ్ల్యూతో, మళ్లీ 1.5తో గుణించి, 20 లాగ్ తీస్తే ఎంత తగ్గిందో వచ్చేస్తుంది. ఆర్‌బీడబ్ల్యూని 10 కిలోహెర్ట్జ్‌కి దించితే ఇంకో 20 డీబీ పోతుంది.

ప్రమాదమంతా ఇక్కడే. మిక్సర్ ఆ ఫిల్టర్‌కి ముందుంటుంది, పీక్ మొత్తం దాని మీదే పడుతుంది. తెర మీద తక్కువుంది కదా అని అటెన్యుయేటర్ విప్పేస్తే మిక్సర్ నొక్కుకుపోతుంది, మరీ ఎక్కువైతే కాలిపోతుంది. లోపలి అటెన్యుయేషన్ 10 డీబీ పెంచి చూడండి. అంకె కదలకపోతేనే కొలత నమ్మదగినది. మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాళ్లకి మొదటిరోజు నేర్పేది ఇదే.

తర్వాత స్వీప్, అంటే ఫ్రీక్వెన్సీలను ఒక చివర నుంచి ఇంకో చివరికి వెతుక్కుంటూ పోవడం. ఆటోలో వదిలేస్తే 50 మిల్లీసెకన్ల స్వీప్‌లో తగిలేవి 30 పల్స్‌లే. తెర మీద దువ్వెన పళ్లలా గీతలు నిలబడతాయి. అవి స్పెక్ట్రమ్ గీతలు కావు, ఒక్కో పల్స్ వచ్చిన క్షణాలు. స్వీప్ టైమ్ మారిస్తే వాటి మధ్య దూరం కూడా మారుతుంది. ఈ అనలైజర్ ట్రేస్‌లో 601 పాయింట్లు, పాయింటుకి ఒక పల్సైనా పడాలంటే కనీసం సెకను కావాలి. నేను చేత్తో 5 సెకన్లు పెడతాను, డిటెక్టర్ పాజిటివ్ పీక్ (పాయింటు సమయంలో వచ్చిన అత్యధిక విలువను పట్టేది), వీడియో బ్యాండ్‌విడ్త్ (ట్రేస్‌ని నునుపు చేసే ఫిల్టర్ వెడల్పు) ఆర్‌బీడబ్ల్యూ కంటే తక్కువ కాకుండా. ఒక్క క్షణం విలువనే తీసుకునే శాంపిల్ డిటెక్టర్ పెడితే చాలా పల్స్‌లు జారిపోతాయి.

ఆర్‌బీడబ్ల్యూని పల్స్ రేటు కంటే బాగా దించితే విడివిడి గీతలు రావాలని పుస్తకాల్లో ఉంటుంది. మాగ్నెట్రాన్‌తో ఎంత దించినా రావు. ప్రతి పల్సూ తనకి తోచిన ఫేజ్‌తో మొదలవుతుంది, పల్స్‌కీ పల్స్‌కీ పొంతన ఉండదు. సాలిడ్ స్టేట్ రాడార్లలో అయితే చక్కగా కనిపిస్తాయి.

ఈ యంత్రం మీద నాకు ఇంత గురి కుదిరింది మాగ్నెట్రాన్ ఆరోగ్యం చెప్పడంలో. స్పాన్ (తెర మీద కనిపించే ఫ్రీక్వెన్సీల మేర) 10 మెగాహెర్ట్జ్ పెడితే మంచి మాగ్నెట్రాన్‌కి మధ్య గోపురం, రెండు పక్కలా 1.25 మెగాహెర్ట్జ్ దగ్గర లోతైన గుంటలు, ఆపైన సుమారు 13 డీబీ కింద పక్క గోపురాలు. గుంటలు పూడిపోయి ఒక పక్కకి వాలితే పల్స్ సాగుతుండగానే ఫ్రీక్వెన్సీ జారుతోందన్నమాట. శిఖరం రెండుగా చీలితే మాగ్నెట్రాన్ మోడ్ (డోలనం చేసే తీరు) మారుతోందని అనుమానించాల్సిందే. యాంటెన్నా తిరుగుతుంటే శిఖరం అటూ ఇటూ ఊగితే నేను ముందు రోటరీ జాయింట్ (తిరిగే యాంటెన్నాకి సిగ్నల్ దాటించే కీలు) విప్పుతాను. ఇవన్నీ మంచి వెలుతురున్న గదిలో కూడా ఈ పాత తెర మీద స్పష్టంగా తెలుస్తాయి.

జీరో స్పాన్‌లో (ఒకే ఫ్రీక్వెన్సీ దగ్గర నిలిచి, కాలంతో సిగ్నల్ మార్పు చూడటం) మాత్రం పల్స్ ఆకారం చూడాలని ఆశపడకండి. అత్యధిక ఆర్‌బీడబ్ల్యూ 2 మెగాహెర్ట్జ్, 0.8 మైక్రోసెకన్ల పల్స్‌కే అంతంతమాత్రం. 0.08 మైక్రోసెకన్ల పల్స్‌కైతే పనికే రాదు. ఆ పనికి బయట పెట్టే విడి డిటెక్టర్, ఆసిల్లోస్కోప్ వాడండి. ప్రిసెలెక్టర్ (మిక్సర్‌కి ముందుండే, ఫ్రీక్వెన్సీతోపాటు కదిలే ఫిల్టర్) పీకింగ్, అంటే దాన్ని సిగ్నల్ మీద సరిగ్గా కుదర్చడం, కూడా పల్స్‌తో చేయను. ముందు జనరేటర్‌తో 9410 దగ్గర నిలకడైన సిగ్నల్ ఇచ్చి పీక్ చేసుకుంటాను. అది తప్పితే డీబీలకి డీబీలే పోతాయి.

చివర్లో పవర్ మీటర్‌తో ఒకసారి సరిచూస్తాను. పైన చెప్పిన రాడార్‌కి సగటు పవర్ 4.8 వాట్లు రావాలి. అనలైజర్ లెక్కతో అది ఒకటి రెండు డీబీల్లో కలిస్తేనే రిపోర్టు మీద సంతకం పెడతాను.