ఆరు సాకెట్ల స్పైక్ బస్టర్, ఎనిమిది నెలలు వాడాక

టేబుల్ పక్కన గోడకి ఉన్నది ఒక్కటే సాకెట్టు, దాన్నుంచే రౌటర్, మానిటర్, ల్యాప్‌టాప్, టేబుల్ ల్యాంపు, రెండు ఫోన్ ఛార్జర్లు అన్నీ నడవాలి. అందుకే ఈ స్పైక్ బస్టర్, అంటే హై వోల్టేజీ నుంచి కూడా కాపాడే ఎక్స్‌టెన్షన్ బాక్స్, తీసుకున్నా.

దీని ముందు ఒక ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఉండేది, ఏ పిన్నైనా పడుతుంది అని పెద్ద పెద్ద కన్నాలు పెట్టారు, నిజంగానే ఏదైనా పడుతుంది కానీ ఏదీ నిలబడదు, ల్యాప్‌టాప్ ప్లగ్గు పెడితే గంగిరెద్దులా తలాడించేది. ఓ రోజు చిటచిటమని సౌండ్, పీకి చూస్తే పిన్ను నల్లగా మాడిపోయింది, కన్నం చుట్టూ ప్లాస్టిక్ బ్రౌన్ కలర్‌కి తిరిగింది. లోడ్ ఎక్కువైందేమో అనుకున్నా. కూర్చుని లెక్కేస్తే రౌటర్ 12 వాట్లు, ల్యాప్‌టాప్ 65, మానిటర్ 30, ల్యాంపు 9, ఛార్జర్లు ఒక్కోటి 20, అన్నీ ఒకేసారి ఫుల్లుగా లాగినా 156 వాట్లు. 230 వోల్టుల దగ్గర అది ఒక ఆంప్ కూడా కాదు, బాక్స్ మీదేమో 6 ఆంప్స్ అని ఉంది, అంటే 1380 వాట్లు. లోడ్ పాపం ఏం చేసింది, తప్పంతా లూజ్ కాంటాక్ట్‌దే, పిన్ను సరిగ్గా ఆనకపోతే కరెంటు తక్కువున్నా ఆ ఒక్క చోటే వేడెక్కుతుంది, మధ్యమధ్యలో స్పార్కులు కూడా.

ఈ కొత్తదాంట్లో నాకు నచ్చింది ప్లగ్గుని గట్టిగా పట్టుకోవడమే. కొత్తలో ఒక చేత్తో బోర్డు నొక్కిపట్టి ఇంకో చేత్తో ప్లగ్గు పీకాల్సొచ్చేది, ఇప్పటికీ పెద్దగా వదులవ్వలేదు. ఎర్త్ పిన్ను ఉన్న మూడు పిన్నుల ప్లగ్గే ఇచ్చారు, వైరు కూడా మందంగానే ఉంది.

ఓసారి చెల్లి వచ్చి 1800 వాట్ల హెయిర్ డ్రయ్యర్ దీనికే పెట్టేసింది, చూస్తూ ఉండగానే టక్‌మని ట్రిప్ అయింది, కాసేపాగి బటన్ నొక్కితే మళ్ళీ మామూలే. రౌటర్ ఆగిపోయిందని తిట్లు మాత్రం నాకే పడ్డాయి.

నచ్చనిది, సాకెట్లు మరీ ఇరుగ్గా ఉన్నాయి. రౌటర్ అడాప్టర్ లావుది, మధ్యలో పెడితే పక్కది మూసుకుపోతుంది, చివర్న పెట్టాకే ఆరూ వాడుకోగలిగా. అలాంటి అడాప్టర్లు మూడున్నవాళ్ళు వేరేది చూస్కోండి. వైరు పొట్టి, అలా అని దీన్ని ఇంకో ఎక్స్‌టెన్షన్‌కి తగిలించొద్దు, పొడుగు వైరుదే కొనుక్కోండి.

సర్జ్ (అంటే ఉన్నట్టుండి వోల్టేజీ పెరగడం) అని ఒక చిన్న లైటుంది. హై వోల్టేజీ తగిలినప్పుడల్లా దాన్ని అడ్డుకునే లోపలి పార్టు కొంచెం కొంచెం అరిగిపోతుంది, ఆ లైటు ఆరిందంటే ఇక మామూలు బాక్సే, సాకెట్లకి కరెంటు మాత్రం వస్తూనే ఉంటుంది కాబట్టి మనకి తెలీదు. నాది ఇంకా వెలుగుతోంది.

ఐదుకి నాలుగు. ఒక స్టార్ ఆ ఇరుకు సాకెట్లకి కట్.