రైనోఫ్లెక్స్ మురుగు పైపు: కొనచ్చు, కానీ 20 అడుగులదే

మా ఇంట్లో ట్రైలర్, అంటే బండి వెనక తగిలించుకునే చక్రాల ఇల్లు, లాగడం మా ఆయన వంతు, దాని ట్యాంకుల్లో మురుగు వదలడం నా వంతు. ఆయనకి ఆ వాసన పడదట! అందుకే కామ్‌కో వాళ్ల రైనోఫ్లెక్స్ పైపు గురించి రాసే హక్కు నాకే ఉంది.

ట్రైలర్ కొన్నప్పుడు డీలరు ఊరికే ఇచ్చిన పైపు పల్చటిది. కొన్నాళ్లకే మడతల దగ్గర చిల్లులు పడ్డాయి. ఆ సంగతి ముందు నా చెప్పులకే తెలిసింది. రైనోఫ్లెక్స్ మందంగా ఉంటుంది, లోపల తీగ చుట్ట ఉంటుంది. లాగి ఎక్కడ పెడితే అక్కడే పడుంటుంది, ముడుచుకుని వెనక్కి రాదు. 20 అడుగుల కిట్‌లో 10 అడుగుల పైపులు రెండు వస్తాయి. దగ్గరైతే ఒకటి చాలు, దూరమైతే రెండూ కలపచ్చు. 15 అడుగుల కిట్‌లో ఒకే పైపు కాబట్టి ఆ వెసులుబాటు లేదు.

నాకు బాగా నచ్చింది చివర బిగించే ఎల్బో, అంటే మోచేయిలా వంగిన ముక్క. లోపలికి కనిపించే ప్లాస్టిక్‌తో చేశారు. అందులో చూడ్డానికేముంది అని మా ఆయన వెక్కిరింపు. చూడాల్సిందే. ముందు టాయిలెట్‌ది, అంటే బ్లాక్ ట్యాంకు వదులుతాను. అది మూశాక సింకు, షవర్ల గ్రే ట్యాంకు. సబ్బునీళ్లు వచ్చి పైపు కడిగేస్తాయి. ఎల్బోలో తేట కనిపించేదాకా సర్దే పని పెట్టుకోను. గ్రాండ్ కాన్యన్ మేథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో ట్రైలర్ ఆపుకునే సైటు దగ్గర హుకప్ (నీళ్లు, కరెంటు, మురుగు కనెక్షన్లు) ఉండదు, అందరూ మురుగు వదిలే డంప్ స్టేషన్‌కే పోవాలి. వెనక నాలుగు బండ్లు ఆగి ఉంటే ఎవరికైనా కంగారే. అలాంటప్పుడు ఇంకా కడగాలా, చాలా అని ఊహించే పని లేదు.

పైపు ఎంత మంచిదైనా ట్యాంకులో నీళ్లు లేకపోతే ఏం వస్తుంది? మురుగు కనెక్షన్ కూడా ఉండే ఫుల్ హుకప్ సైట్లలో కొందరు బ్లాక్ వాల్వ్ తెరిచే ఉంచుతారు. నీళ్లు జారిపోతాయి, గట్టిది అడుగున గుట్టపడి ఎండిపోతుంది. ట్యాంకు సగం దాటేదాకా వాల్వ్ మూసి ఉంచి, ఒక్కసారిగా వదలాలి. ఖాళీ చేశాక మళ్లీ రెండు మూడు గ్యాలన్ల నీళ్లు పోయాలి. లోపలి గోడ సెన్సర్లకి పేపర్ అంటుకుంటే, ఖాళీ ట్యాంకుకి కూడా ప్యానెల్ మీద నిండినట్టు లైట్లు వెలుగుతూనే ఉంటాయి. వాటిని చూసి టెన్షన్ పడకండి. వాసనకి మందు వేసేవాళ్లు ఫార్మాల్డిహైడ్ ఉన్నది మాత్రం వద్దు. సెప్టిక్ ట్యాంకులో పనిచేసే బ్యాక్టీరియాని అది చంపేస్తుంది.

ట్యాంకులో నీళ్ల విషయంలో మనవాళ్లదే పైచేయి. మా అత్తగారు గుంటూరు నుంచి వచ్చినప్పుడు మగ్గు లేకుండా ట్రైలర్ ఎక్కనన్నారు. ఎక్కించాం. పేపర్ తగ్గింది, నీళ్లు పెరిగాయి, ఆ ట్రిప్‌లో బ్లాక్ ట్యాంకు గడగడా ఖాళీ అయింది. కాకపోతే త్వరగా నిండుతుంది.

మన కొంప ముంచేది గ్రే ట్యాంకే. అమెరికన్లు బ్లాక్‌కి భయపడతారు, నేను మాత్రం మా వంట నీళ్లకి భయపడతాను. పోపు నూనె, పప్పు అడుగు, గంజి, వంకాయ కూర జిడ్డు, అన్నీ అందులోకే. టెక్సస్ ఆగస్టు ఎండలో రెండు రోజులు నిలవుంటే సింకు మూత తీయలేం. ఇప్పుడు గిన్నెలు సింకులో పెట్టే ముందు పేపర్ టవల్‌తో తుడవనిదే కుదరదని మా ఇంట్లో రూలు. గంజి సింకులో వంచడం లేదు, కుక్కర్‌లోనే అన్నం. తాలింపు మూకుడు జోలికి మాత్రం నన్ను తప్ప ఎవర్నీ రానివ్వను.

పైపు కింద పెట్టే స్టాండ్ విడిగా కొనుక్కోవాలి. స్టాండ్ ఉంటే పైపుకి ట్రైలర్ నుంచి మురుగు కన్నం దాకా వాలు ఉంటుంది, మధ్యలో నీళ్లు నిలవవు. గ్లవ్స్ డబ్బా కూడా పెట్టుకోండి. తాగేనీళ్ల పైపుతో దీన్ని ఎప్పుడూ కడక్కండి. కడగడానికి వేరే పాత పైపు ఒకటి, వేరే డబ్బాలో. మా ఆయన ఆ రెండు డబ్బాలూ ఒకే అరలో సర్దుతున్నారు, ఆ పంచాయితీ ఇంకా తెగలేదు.