డ్రైవర్ కునుకు తీసి గుద్దితే ఏది మేలు: చేతికొచ్చే రెండున్నర లక్షలా, ట్రిబ్యునల్ కేసా?

ఒడిశాలోని బరంపురం నుంచి ఇచ్ఛాపురం, పలాస మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి మీద తెల్లవారుజామున లారీ గుద్దిందంటే ముందు వచ్చే అనుమానం డ్రైవర్ నిద్రపోయాడనే. దెబ్బ తగిలినవాళ్లు ఇంకా మంచం మీద ఉండగానే ఎవరో ఒకరు వచ్చి "రెండున్నర లక్షలు తొందరగా వస్తాయి, సంతకం పెట్టండి" అంటారు. ఆ సంతకంతో ఏమి పోతుందో ముందే తెలుసుకోవాలి.

ఆ డబ్బు మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ కింద వచ్చేది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. తప్పు ఎవరిదో రుజువు చేయనక్కర్లేదు. మనిషి పోతే 5 లక్షలు, తీవ్ర గాయమైతే 2.5 లక్షలు. ఎముక విరిగితే చాలు, చట్టం దృష్టిలో అది తీవ్ర గాయమే. బీమా కంపెనీ ఇచ్చే ప్రతిపాదనకు మీరు ఒప్పుకుంటే ట్రిబ్యునల్ (ప్రమాద పరిహారం తేల్చే కోర్టు) రికార్డు చేస్తుంది, అది కంపెనీకి అందిన 30 రోజుల్లోగా డబ్బు కట్టాలి. కానీ అలా తీసుకున్న క్షణమే పూర్తి నష్టపరిహారం కోసం 166వ సెక్షన్ కింద మీరు వేసిన పిటిషన్ రద్దయిపోతుంది. తర్వాత కాలు వంగకపోయినా మళ్లీ అడగడానికి ఉండదు.

166 కింద అయితే డ్రైవర్ నిర్లక్ష్యం చూపించాలి, ఏళ్లు పట్టవచ్చు. కానీ లెక్క చూడండి. 34 ఏళ్ల తాపీమేస్త్రి, నెలకు 15,000 సంపాదన, కాలు విరిగి పనిచేసే శక్తి 25 శాతం తగ్గిందనుకుందాం. 40 ఏళ్ల లోపు కాబట్టి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలిపితే 21,000. ఏడాదికి 2,52,000. ఆ వయసుకు గుణకం (ఏడాది సంపాదనను కోర్టులు ఎన్నింతలు చేయాలో చెప్పే అంకె) 16, అంటే 40,32,000. అందులో 25 శాతం 10,08,000. ఆసుపత్రి ఖర్చు, పని లేని నెలల కూలి, నొప్పికి ఇచ్చేది దీనికి అదనం. ఇలాంటి మనిషి రెండున్నర లక్షలకు సంతకం పెడితే నిలువునా మోసపోయినట్టే.

అదే ముంజేయి విరిగి మూడు నెలల్లో పూర్తిగా అతుక్కుంటే? శాశ్వత లోపం లేదు కాబట్టి 166లో కూలి నష్టం, మందులు, నొప్పి అన్నీ కలిపినా రెండున్నర లక్షలు దాటకపోవచ్చు. అక్కడ 164 మేలు. తప్పు కొంత మన వైపూ ఉన్నప్పుడు, సాక్ష్యం బొత్తిగా లేనప్పుడు కూడా అంతే.

ముందు 166 కింద పిటిషన్ వేసి, ఎముక అతికాక లోపం ఎంతో తేలేదాకా ఏ ఒప్పందానికీ సంతకం పెట్టకపోవడం మా సలహా. చట్టంలో గడువు ప్రమాదం నుంచి ఆరు నెలలు. దీని మీద సుప్రీంకోర్టులో సవాలు ఉంది, గడువు దాటిందని పిటిషన్లు కొట్టేయవద్దని 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. అయినా దాన్ని నమ్ముకుని ఆలస్యం చేయవద్దు.

నిద్రను రుజువు చేయడం అనుకున్నంత కష్టం కాదు. ఇది క్రిమినల్ కేసు కాదు, ఏది ఎక్కువ నమ్మదగినదో చూస్తారంతే. రోడ్డు తిన్నగా ఉంది, టైర్ల ఈడ్పు గుర్తులు లేవు, బ్రేకులు బాగున్నాయని మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ రిపోర్టు ఉంది: ఈ మూడూ కలిస్తే బలం. లారీ ఎంతసేపు ఆగకుండా నడిచిందో ఫాస్టాగ్ చెబుతుంది. మడపాం టోల్‌ప్లాజా దాటిన సమయం, దానికి ముందు దాటిన టోల్ సమయాలు, సరుకు ఎక్కించిన వే బిల్లు పక్కపక్కన పెట్టి చూపించాలి. 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్‌లు వచ్చేదాకా అమల్లో ఉన్న మోటారు రవాణా కార్మికుల చట్టం ప్రకారం డ్రైవర్ పని రోజుకు 8 గంటలు, అయిదు గంటలకు మించి ఏకబిగిన నడపకుండా అరగంట విశ్రాంతి ఉండాల్సింది. ఈ రికార్డులు తెప్పించమని వకీలు చేత తొందరగా అర్జీ వేయించండి, ఆలస్యమైతే దొరకవు. "డ్రైవర్ నిద్రపోయాడు, మా బాధ్యత కాదు" అని బీమా కంపెనీ అనడానికి లేదు. తాగి నడపడం, లైసెన్సు లేకపోవడం లాంటివే చట్టం ఇచ్చిన సాకులు, నిద్ర వాటిలో లేదు. అయితే మీరు సరుకు బండి ఎక్కి కూర్చుని వెళ్తూ దెబ్బ తిన్నవారైతే మాత్రం కంపెనీ చేతులెత్తేసే అవకాశం ఎక్కువ. డబ్బు యజమాని దగ్గరే రాబట్టుకోవాల్సి రావచ్చు.

ఎక్కడ వేయాలన్నది సరిహద్దు వాళ్లకు పెద్ద ప్రశ్న. ప్రమాదం జరిగిన చోట, మీరు ఉండే చోట, ప్రతివాది ఉండే చోట, ఎక్కడైనా వేయవచ్చు. బరంపురంలో ఉంటూ శ్రీకాకుళం జిల్లాలో దెబ్బ తిన్నవారికి బరంపురమే నయం: వాయిదాకు సెలవు పెట్టి దూరం పోనక్కర్లేదు, చికిత్స చేసిన డాక్టరూ దగ్గరే. తెలుగు ఎఫ్‌ఐఆర్‌కు ధృవీకరించిన అనువాదం కావాలి, అంతే. ఒడిశాలోని గంజాం జిల్లా వైపు ప్రమాదమైతే ఫిర్యాదు ఒడియాలో రాస్తారు. చదివి వినిపించుకోకుండా సంతకం పెట్టవద్దు. అందులో "ఎదురుగా వచ్చిన బండి" అన్న ఒక్క పొరపాటు మాట కేసును తిప్పేస్తుంది.

లోక్ అదాలత్ మధ్యేమార్గం. తొందరగా తేలుతుంది, కానీ తీర్పు మీద అప్పీలు లేదు. పైన చెప్పిన లెక్క మీరే కాగితం మీద వేసుకుని వెళ్లండి, వాళ్లు చెప్పే అంకె దానికి ఎంత దూరమో చూసి ఒప్పుకోండి. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది.

చాలా కేసులు చెడేది ఆసుపత్రి కాగితం దగ్గర. చేర్చేటప్పుడు "పడిపోయారు" అని రాయిస్తే బీమా వకీలు దాన్నే పట్టుకుంటాడు. "రోడ్డు ప్రమాదం" అని, మెడికోలీగల్ కేసుగా (ఆసుపత్రి పోలీసులకు తెలిపే కేసుగా) రాయించండి. వైకల్య ధృవపత్రం ఇచ్చే డాక్టరు సాక్ష్యానికి వస్తారో లేదో ముందే అడగండి. రాకపోతే ఆ 25 శాతం కాగితానికి విలువ బాగా తగ్గిపోతుంది.