గంటస్తంభం దగ్గర ఫ్లెక్సీ షాపు: పని బాగుంది, ఒక రోజు లేటు

మన విజయనగరంలో ఫ్లెక్సీ అంటే నాయకుడి పుట్టినరోజు, లేదా సిరిమానోత్సవానికి స్వాగతం, లేదా ఎవరైనా పోతే శ్రద్ధాంజలి. నేను తీసుకెళ్ళిన పని ఈ మూడింట్లో దేనికీ చెందదు. వేరే వేరే దేశాల్లో మిలటరీ వాళ్ళు ప్రభుత్వాన్ని లాక్కున్నాక జైల్లో పడ్డ, చంపేసిన, కనిపించకుండా పోయిన ఎంపీల గురించి తొమ్మిది బ్యానర్లు, పిల్లల ఎగ్జిబిషన్ కోసం. సోషల్ టీచర్‌గా రిటైరయ్యాను, ఈ విషయం మాత్రం వదల్లేకపోతున్నాను. మొదట వెళ్ళిన రెండు షాపుల్లో మ్యాటర్ చూసి "ఇంత రాత ఎవులు చదువుతారు మేస్టారూ, ఫొటో పెద్దది పెట్టి రెండు లైన్లు ఏసేద్దాం" అన్నారు. గంటస్తంభం నుంచి మూడు లాంతర్ల వైపు వెళ్తుంటే మెట్లెక్కి పైకి వెళ్ళాల్సిన ఈ షాపులో మాత్రం డిజైనర్ అమ్మాయి కుర్చీ జరిపి, కూర్చోండి సార్ అని, మొత్తం చదివింది. నాకు అక్కడే సగం టెన్షన్ తగ్గింది.

ముందు ఇబ్బంది చెప్తాను. నేను ఫోన్లో టైపు చేసి పంపిన యూనికోడ్ మ్యాటర్‌ని వాళ్ళు తమ ఫాంట్‌లోకి మార్చినప్పుడు వత్తులు ఎగిరిపోయాయి. "సభ్యులు" కాస్తా "సభయులు" అయింది, "నిర్బంధం" ఎలా తయారైందో రాయలేను. మీరు కూడా తెలుగు మ్యాటర్ ఎక్కువున్న పని తీసుకెళ్తే ప్రూఫ్ వాట్సాప్‌లో చూసి సరే అనేయకండి, కాగితం మీద తీయించి పెన్ను పట్టుకుని చూడండి. మూడుసార్లు దిద్దించాను, అమ్మాయి ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

అసలు చెప్పాలనుకున్నది ఇది. వాళ్ళ కంప్యూటర్లో మనిషి ఫొటోకి రెండే ఫ్రేములు రెడీగా ఉంటాయి, ఒకటి శుభాకాంక్షలది, ఇంకోటి దండ వేసి దీపం పెట్టింది. చిలీ బ్యానర్ దగ్గరికి వచ్చేసరికి అమ్మాయి కర్సర్ ఆపి అడిగింది, "సార్, ఈయన ఉన్నారా, పోయారా?" ఆయన కార్లోస్ లోర్కా. డాక్టరు, వాల్దీవియా నుంచి 1973లో గెలిచాడు. ఆ ఏడాది సెప్టెంబరు 11న సైన్యం వచ్చింది, అదే నెలలో పార్లమెంటు రద్దయింది, 1975 జూన్ 25న ఈయన్ని పట్టుకెళ్ళారు. అప్పటికి ముప్పై ఏళ్ళు. ఆ తర్వాత ఆచూకీ లేదు. ఉన్నారని ఎలా అంటాను, పోయారని ఏ కాగితం చూపించి అంటాను? అదే చెప్పాను. ఆ అమ్మాయి కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత రెండు ఫ్రేములూ తీసేసి ఫొటో చుట్టూ ఖాళీ తెల్ల మార్జిన్ వదిలింది. నేను అడగలేదు, తనకే తట్టింది. ఎగ్జిబిషన్‌లో ఎక్కువమంది ఆగింది ఆ బ్యానర్ దగ్గరే.

ఉరుగ్వే బ్యానర్‌కి దండ ఫ్రేము విషయంలో అనుమానం రాలేదు. 1973 జూన్‌లో అక్కడ పార్లమెంటు మూతపడ్డాక సెనేటర్ జెల్మార్ మిచెలీనీ, దిగువ సభ అధ్యక్షుడు హెక్టర్ గుటియెర్రెస్ రూయిస్ ఇద్దరూ అర్జెంటీనా వెళ్ళి తలదాచుకున్నారు. అక్కడా 1976 మార్చిలో మిలటరీ వచ్చింది. మే నెలలో ఇద్దర్నీ ఎత్తుకెళ్ళి చంపేశారు. దేశం దాటినా వదల్లేదన్నమాట.

నాకు ఈ పట్టుదల ఎందుకంటే, మా తాత రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళినవాడు. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ఏ ఊళ్ళో అడిగినా ఒక రంగం ఇల్లు ఉంటుంది. 1962 మార్చి 2న అక్కడ జనరల్ నే విన్ సైన్యంతో వచ్చి ప్రధాని ఊ నూని నిర్బంధించాడు, పార్లమెంటు తీసేశాడు. ఆ తర్వాత దుకాణాలు, మిల్లులు ప్రభుత్వపరం చేసినా, 1964 మేలో యాభై, వంద చాట్ల (చాట్ అంటే అక్కడి డబ్బు) నోట్లు చెల్లవన్నా అడిగే సభ లేదు. మా తాత ఆ ఏడాదే ఒక ట్రంకు పెట్టెతో దిగాడు. నోట్లు పోయాయని ఆయన ఎప్పుడూ ఏడవలేదు, "అడగడానికి ఒక్కడినీ బయట ఉంచలేదురా" అనేవాడు. ఎంపీని లోపలేస్తే అతనొక్కడే లోపలికి వెళ్ళడు, అతనికి ఓటేసిన ఊళ్ళన్నీ నోరు పోగొట్టుకుంటాయి. మన దగ్గర సైన్యం ఎప్పుడూ రాలేదు గానీ 1975 ఎమర్జెన్సీలో ఎంపీలను మీసా (విచారణ లేకుండా నిర్బంధించే చట్టం) కింద లోపలేసిన సంగతి మర్చిపోకూడదు, అందుకే దానికీ ఒక బ్యానర్ పెట్టాను.

మయన్మార్, అదే ఒకప్పటి బర్మా, బ్యానర్ దగ్గర అమ్మాయి ఇంకో మంచి ప్రశ్న అడిగింది. "వీళ్ళు ప్రమాణం చేయలేదు కదా సార్, ఎంపీ అని రాయొచ్చా?" ఇది చిన్న అనుమానం కాదు. 1990లో అక్కడ 485 సీట్లలో 392 ఆంగ్ సాన్ సూచీ పార్టీ ఎన్ఎల్డీ గెలిస్తే సభను అసలు కూర్చోనివ్వలేదు, గెలిచినవాళ్ళలో చాలామంది జైలుకి పోయారు. 2020 నవంబరులో మళ్ళీ 476కి 396 గెలిచారు. కొత్త సభ మొదలవ్వాల్సిన 2021 ఫిబ్రవరి 1నే సైన్యం వచ్చి, రాజధాని నేపిడాలో ఎంపీల వసతి గృహాల్లోనే వందలమందిని కదలకుండా ఉంచింది. మూడు రోజుల తర్వాత డెబ్బై మంది దాకా ఆ ఆవరణలోనే ప్రమాణం చేశారు. మిలటరీ దృష్టిలో దానికి విలువ లేదు, నా దృష్టిలో ఉంది. జెనీవాలోని అంతర పార్లమెంటరీ యూనియన్ కూడా గెలిచి సభలో కూర్చోలేకపోయిన వీళ్ళ కేసులు తీసుకుంది. కాబట్టి ఎంపీ అనే రాయమన్నాను, అలాగే వేసింది.

ఆ యూనియన్‌ది 1889 నాటి సంస్థ. ఎంపీల మానవ హక్కుల కోసం 1976లో దాంట్లోనే ఒక కమిటీ పెట్టారు, వివిధ దేశాల ఎంపీలు పదిమంది ఉంటారు. ఎంపీ కుటుంబం, లాయరు, సాటి ఎంపీలు, హక్కుల సంఘాలు ఫిర్యాదు పంపొచ్చు. కమిటీ వాళ్ళు ఆ దేశాన్ని వివరణ అడుగుతారు, విచారణకి పరిశీలకుల్ని పంపుతారు, ఒప్పుకుంటే జైలుకి వెళ్ళి కలుస్తారు, తీర్మానం బయటపెడతారు. తాళం తీసే అధికారం మాత్రం లేదు. సైనికులు, ప్రభుత్వ ఉద్యోగులు ఎక్కువగా ఉండే నేపిడాలోనే 2012లో గెలిచిన పాటగాడు, మాజీ ఎంపీ ఫ్యో జెయా థాకి ఉరి వేశామని 2022 జులైలో ప్రకటించేశారు, ప్రపంచమంతా వద్దన్నా వినలేదు. అయినా ఆ కమిటీ ఉండాలనే అంటాను. పేరు, తేదీ ఫైల్లో ఉన్న మనిషిని మాయం చేయడం, ఎవరూ రాసుకోని మనిషిని మాయం చేసినంత తేలిక కాదు.

ఇక ప్రింటు సంగతి. ప్లాస్టిక్ ఫ్లెక్సీ వద్దు, గుడ్డ మీద కావాలన్నాను, వేశారు. రంగులు నిలిచాయి, నలుపు మాత్రం కొంచెం బూడిదగా వచ్చింది. ఐలెట్లు (తాడు కట్టే రింగులు) గట్టిగా ఉన్నాయి, ఎండలో మూడు రోజులు కట్టినా చిరగలేదు. శుక్రవారం ఇస్తామని శనివారం ఇచ్చారు, అదొక్కటే నాకు కోపం తెప్పించింది, ఎందుకంటే శనివారం పొద్దున్నే పిల్లలు వస్తామన్నారు, నేను ఖాళీ తాళ్ళు కట్టుకుని నిలబడ్డాను. దానికి చదరపు అడుగుకి రెండు రూపాయలు తగ్గించారు, అడక్కుండానే. ఐదుకి నాలుగు ఇస్తున్నాను.

ఫైళ్ళు షాపులోనే ఉంచమన్నాను. మన జిల్లాలో ఏ స్కూలుకైనా, లైబ్రరీకైనా కావాలంటే ప్రింటు ఖర్చు పెట్టుకుని తీయించుకోండి, నన్ను అడగక్కర్లేదు. సాయంత్రం ఆరు దాటాక వెళ్ళకండి, పెళ్ళిళ్ళ పనులతో ఆ అమ్మాయికి తల ఎత్తే తీరిక ఉండదు.