ఏడేళ్లు ఒకే ఫోను వాడాక

ఈ ఫోను 2018 అక్టోబరులో కొన్నాను. 2025 అక్టోబరు దాకా నా చేతిలో ఉన్నది ఇదొక్కటే. ఈ ఏడేళ్లలో బ్యాటరీ రెండుసార్లు, స్క్రీను ఒకసారి, ఛార్జింగ్ పోర్టు ఒకసారి మార్పించాను. ఇప్పటికీ ఆన్ అవుతుంది. కాల్ మాట్లాడొచ్చు, ఫోటో తీయొచ్చు. అయినా పక్కన పెట్టాల్సి వచ్చింది. ఎందుకు పెట్టాల్సి వచ్చిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. నాకు ఎదురైనవి ఆ ఒక్క కంపెనీకే పరిమితమైన ఇబ్బందులు కావు.

కొన్న వారానికి రాసే రివ్యూల్లో కెమెరా, స్పీడు, డిస్‌ప్లే గురించి పేజీలకు పేజీలు ఉంటాయి. ఏడేళ్ల తర్వాత వాటి గురించి నాకు చెప్పాలనిపించడం లేదు. కెమెరా పగటి వెలుతురులో బాగా తీసేది, రాత్రిపూట మసక. అంతే. స్పీడు మొదటి నాలుగేళ్లు బాగానే ఉంది, తర్వాత యాప్‌లు బరువెక్కాయి గానీ ఫోను నెమ్మదించలేదని నా నమ్మకం. కాల్, మెసేజ్, క్యాలెండరు లాంటి పాత పనులు మొదటి రోజు ఎంత చురుగ్గా చేసేదో చివరి రోజూ అంతే చురుగ్గా చేసింది. హెడ్‌ఫోన్ జాక్ ఉండటం మాత్రం నిజంగా గొప్ప సుఖం. వైరున్న ఇయర్‌ఫోన్లు ఒక జత ఐదేళ్లు వచ్చాయి. మధ్యలో కొన్న వైర్‌లెస్ జత మూడో ఏడు తిరిగేసరికి గంట కూడా నిలవలేదు. అందులో బ్యాటరీ మార్చే దారే లేదు, కాబట్టి మొత్తం పారేయాల్సి వచ్చింది.

అసలు కథ బ్యాటరీది.

2021 జూన్‌లో ఒకరోజు ఫోను బల్ల మీద పెట్టి పక్కకు జరపబోతే బొంగరంలా గుండ్రంగా తిరిగింది. బల్ల నున్నగా ఉందేమో అనుకున్నాను. ఎత్తి చూస్తే వెనక అద్దం మధ్యలో కొద్దిగా ఉబ్బింది. కుడి అంచున గోరు దూరేంత సందు. లోపలి నుంచి స్క్రీను వెలుతురు సన్నటి గీతలా కనిపించింది. గుండె ఝల్లుమంది. ఆ ముందు రాత్రి కూడా దాన్ని దిండు పక్కనే ఛార్జింగ్‌లో పెట్టి పడుకున్నాను మరి. లిథియం అయాన్ బ్యాటరీ పాతబడినప్పుడు లోపలి ద్రావణం విరిగి గ్యాస్ తయారవుతుంది. బ్యాటరీ పలచటి సంచిలాంటి తొడుగులో ఉంటుంది కాబట్టి ఆ గ్యాస్ బయటకు పోలేక తొడుగు ఉబ్బుతుంది. మీ ఫోను అలా తిరుగుతుంటే ఛార్జింగ్ పెట్టకండి, వెనక మూతను వేలితో నొక్కి సరిచేయాలని చూడకండి. ఆ సంచికి చిల్లు పడితే నిప్పు అంటుకోవచ్చు.

మొదట కంపెనీ సర్వీసు సెంటరుకు వెళ్లాను. ఈ మోడల్‌కు బ్యాటరీ స్టాకు లేదు, ఎప్పుడొస్తుందో చెప్పలేం, పాతది ఇచ్చేసి కొత్త ఫోను తీసుకుంటే తగ్గింపు ఇస్తాం అన్నారు. అప్పటికి కొని మూడేళ్లు కూడా నిండలేదు. బయట రిపేర్లు చేసే ఒకబ్బాయికి చూపించాను. అతను వెనక అద్దాన్ని వేడిగాలితో మెల్లగా వేడి చేసి, పలచటి ప్లాస్టిక్ ముక్కతో అంచు వెంబడి జిగురు కోసుకుంటూ వచ్చాడు. ఇరవై నిమిషాలు ఒక్క మాట మాట్లాడలేదు. మూత ఊడి వచ్చాక దిండులా ఉబ్బిన బ్యాటరీని చూపించి, "అన్నా, బోర్డు కొత్తదానిలా ఉంది. దీన్ని పారేయమని ఎవరు చెప్పారు?" అన్నాడు. కోపంగా అన్నాడు. తన పని మీద అభిమానం ఉన్నవాడి కోపం అది. ఆ మాట నాలో నాటుకుపోయింది.

ఆ తర్వాతే బ్యాటరీ గురించి చదివాను. ఇలాంటి బ్యాటరీలు మామూలుగా సున్నా నుంచి నిండా లెక్కన ఓ 500 సార్లు ఛార్జ్ అయ్యాక, మొదట్లో ఉన్న సామర్థ్యంలో 80 శాతం దగ్గరకు వస్తాయని అంచనా. సగం సగం ఛార్జ్ చేస్తే రెండు కలిపి ఒక లెక్క. బ్యాటరీకి పడనివి రెండు. ఒకటి వేడి, రెండోది నిండా ఛార్జ్ అయ్యి గంటల తరబడి అలాగే ఉండటం. నేను మూడేళ్లూ చేసింది ఆ రెండే. రాత్రంతా దిండు పక్కన, అదీ మందపాటి కవరులో. రెండో బ్యాటరీ వేయించాక రాత్రి ఛార్జింగ్ మానేశాను. పొద్దున స్నానానికి వెళ్లేటప్పుడు పెట్టి, 80 దాటగానే తీసేయడం అలవాటు చేసుకున్నాను. మొదటిది మూడేళ్లు నిండకుండానే ఉబ్బితే, రెండోది మూడున్నరేళ్లు వచ్చింది. అదీ ఉబ్బి కాదు, సాయంత్రానికి అయిపోతోందని 2025 జనవరిలో మార్పించాను. కొత్త ఫోన్లలో 80 దగ్గర ఆపే సెట్టింగ్ వాటిలోనే ఉంటోంది. ఉంటే ఆన్ చేసుకోండి.

ఛార్జింగ్ పోర్టు విషయంలో నేను అనవసరంగా డబ్బు పోగొట్టుకున్నాను. కేబుల్ వదులుగా ఉంటోందని పోర్టు మార్పించాను. రెండేళ్లకు మళ్లీ అదే సమస్య. ఈసారి టార్చి వేసి లోపలికి చూస్తే, అడుగున జేబులోని దూది పీచు గట్టిగా అట్ట కట్టి ఉంది. ఫోను ఆఫ్ చేసి సన్నటి చెక్క పుల్లతో నిదానంగా బయటకు లాగాను. కేబుల్ పెట్టగానే టక్కున కూర్చుంది. మొదటిసారి కూడా ఇదే అయి ఉంటుంది. పిన్నీసులాంటి లోహపు వస్తువు మాత్రం పెట్టకండి, లోపలి కరెంటు కాంటాక్టులు దెబ్బతింటాయి.

స్క్రీను 2022లో చేయి జారి పగిలింది. బయట వేయించిన స్క్రీను బాగానే పనిచేసింది గానీ, వెలుతురును బట్టి బ్రైట్‌నెస్ తనంతట తాను మారడం ఆగిపోయింది. సెన్సరు చెడిపోలేదు. కొత్త స్క్రీనును ఫోనుకు పరిచయం చేసే సాఫ్ట్‌వేర్ కంపెనీ దగ్గరే ఉందని, బయటివాళ్లకు ఇవ్వరని ఆ అబ్బాయి చెప్పాడు. అప్పటి నుంచి ఎండలోకి వెళ్లిన ప్రతిసారీ చేత్తోనే పెంచుకున్నాను. ఇలా విడిభాగాన్ని ఫోనుకు సాఫ్ట్‌వేర్‌తో ముడిపెట్టి బయటి రిపేరును అడ్డుకోవడాన్ని అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం 2024లో చేసిన చట్టంతో నిషేధించింది. ఆ వార్త చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం మామూలుది కాదు. నా ఫోనుకు అది వర్తించదు. కానీ నేను పడ్డ ఇబ్బంది నా ఒక్కడి గొడవ కాదని, చట్టసభలో కూర్చుని మాట్లాడదగ్గ విషయమని అప్పుడే తెలిసింది.

ఇన్ని రిపేర్లకూ లొంగిన ఫోను చివరికి సాఫ్ట్‌వేర్ దగ్గర ఓడిపోయింది. దీనికి చివరి సెక్యూరిటీ అప్‌డేట్ 2021 డిసెంబరులో వచ్చింది. మూడేళ్లు, అంతే. ఆ తర్వాత నెలనెలా కొత్త లొసుగులు బయటపడుతూనే ఉన్నాయి, నా ఫోనులో ఒక్కటీ పూడలేదు. అయినా వాడాను. అందుకు గర్వపడటం లేదు. తెలియని లింకులు ముట్టుకోకుండా, అక్కర్లేని యాప్‌లు తీసేసి, బితుకుబితుకుమంటూ వాడాను. 2025 సెప్టెంబరులో బ్యాంకు యాప్ తెరిస్తే, మీ ఫోనులోని వెర్షన్‌కు ఇక సపోర్టు లేదని వచ్చింది. బ్యాంకును తప్పు పట్టను. లొసుగులున్న ఫోను మీద జనం డబ్బు నడపడానికి వాళ్లు భయపడటం న్యాయమే. కానీ ఎనిమిది నెలల కిందట వేసిన బ్యాటరీ రోజంతా వస్తోంది, స్క్రీను మీద గీత లేదు. అలాంటి వస్తువును ఒక్క మెసేజ్ పనికిరానిదాన్ని చేసేసింది. ప్రాణం ఉసూరుమంది.

ఇందులో ఒక చిక్కు ఉంది, అది కూడా చెప్పాలి. అప్‌డేట్ ఇవ్వడం ఫోను కంపెనీ ఒక్కదాని చేతిలో లేదు. లోపలి ప్రాసెసర్ తయారుచేసినవాళ్లు దానికి కావలసిన డ్రైవర్లు, అంటే ఆ ప్రాసెసర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్, ఇవ్వడం మానేస్తే, ఫోను కంపెనీకి పని చాలా కష్టమవుతుంది. ఇన్నాళ్లూ మనకు వినిపించిన కారణం అదే. మరి 2023లో గూగుల్ పిక్సెల్ 8కు, 2024లో శాంసంగ్ గెలాక్సీ ఎస్24కు ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామని ఎలా మాట ఇవ్వగలిగాయి? చేయాలనుకుంటే దారి దొరుకుతుంది. జిగురు సంగతీ అంతే. నీళ్లు దూరకుండా ఉండాలంటే వెనక మూతను అతికించక తప్పదని చెబుతారు. 2014లో వచ్చిన గెలాక్సీ ఎస్5కు వెనక మూత గోటితో ఊడేది, బ్యాటరీ చేత్తో తీసేవాళ్లం, పైగా నీళ్లను తట్టుకునే ఐపీ67 రేటింగ్ ఉండేది. మూత లోపల రబ్బరు అంచు, దానిని గట్టిగా పట్టే క్లిప్పులు. అంతకుమించి మాయేమీ లేదు. మూత కాస్త మందంగా ఉంటుంది, నిజమే. నాకు మందంగా ఉన్న ఫోనే కావాలి.

అందుకే ఇది మార్కెట్‌కు వదిలేస్తే తేలేది కాదని, చట్టం కావాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి అమలవుతున్న నిబంధనలు చూడండి. ఆ మోడల్ అమ్మకం ఆపాక కూడా కనీసం ఐదేళ్లు ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్లు అందించాలి. ముఖ్యమైన విడిభాగాలు ఏడేళ్లు దొరకాలి. బ్యాటరీ 800 సార్లు ఛార్జ్ అయ్యాక కూడా 80 శాతం నిలబడాలి. వృత్తిగా రిపేర్లు చేసేవాళ్లకు అవసరమైన సాఫ్ట్‌వేర్ కూడా ఇవ్వాలి. నా ఏడేళ్ల కష్టాల జాబితా పట్టుకుని ఎవరో రాసినట్టే అనిపించింది. మరీ ముఖ్యంగా ఆ మొదటి నిబంధనలో ఒక మాట ఉంది. గడువు లెక్క విడుదలైన రోజు నుంచి కాదు, అమ్మకం ఆపిన రోజు నుంచి. నేను కొన్నప్పుడు ఈ మోడల్ వచ్చి పది నెలలైంది. అంటే నేను డబ్బు కట్టే సరికే నా సపోర్టులో పది నెలలు కరిగిపోయాయి. అది నాకెవరూ చెప్పలేదు, పెట్టె మీదా రాయలేదు.

కొన్ని ఖరీదైన ఫోన్లకు ఏడేళ్లు, కొన్ని చౌక ఫోన్లకు రెండేళ్లే. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. బ్యాంకు, బిల్లులు, పిల్లల చదువు, డాక్టరు అపాయింట్‌మెంటు అన్నీ ఫోనులోకి వచ్చేశాయి. ఫోను లేకపోతే పని జరగని రోజులు. అలాంటప్పుడు తక్కువ డబ్బు ఉన్నవాళ్లే తరచుగా ఫోను మార్చాల్సి రావడం అన్యాయం. సెక్యూరిటీ అప్‌డేట్ విలాసం కాదు. ఇంటి తలుపుకు గడియ లాంటిది. చౌకగా కొన్నవాడి తలుపుకు రెండేళ్లకే గడియ ఊడిపోవాలా?

పారేసినవన్నీ ఎటు పోతున్నాయో కూడా ఆలోచించాలి. ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో విడుదల చేసిన నివేదిక ప్రకారం, 2022లో ప్రపంచమంతటా 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగయ్యాయి. పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క ఉన్నది అందులో 22.3 శాతమే. పైగా ఫోను వల్ల కలిగే కాలుష్యంలో ఎక్కువ భాగం దాన్ని తయారుచేసేటప్పుడే జరిగిపోతుంది. కాబట్టి ఒక ఫోనును మరో రెండేళ్లు వాడటం కన్నా మంచి రీసైక్లింగ్ లేదు.

"ఇంకా అదే ఫోనా?" అనే ప్రశ్న నాలుగో ఏడు నుంచి వింటూనే ఉన్నాను. కొత్త ఒక వింత, పాత ఒక రోత అని ఊరికే అనలేదు. మొదట్లో మీటింగుల్లో బల్ల మీద పెట్టడానికి బిడియపడేవాణ్ని. ఒకసారి మా మేనల్లుడు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "మామయ్యా, దీని బ్యాటరీ నువ్వే మార్పించావా? నాది కూడా మారుస్తారా?" అని అడిగాడు. వాడి ఫోనుకు అప్పటికి రెండేళ్లే. కొత్తది కొనిపెట్టమని ఇంట్లో పోరుతున్నాడట. ఇద్దరం ఆ రిపేరు అబ్బాయి దగ్గరికి వెళ్లాం. వాడి ఫోను ఇప్పటికీ నడుస్తోంది.

కొత్త ఫోను కొనేటప్పుడు ఈసారి కెమెరా గురించి అడగలేదు. సెక్యూరిటీ అప్‌డేట్లు ఏ నెల దాకా, బ్యాటరీ విడిగా దొరుకుతుందా, వెనక మూత ఎలా తెరుచుకుంటుంది అని అడిగాను. అమ్మేవాళ్లకు మొదటి ప్రశ్నకే జవాబు తెలియలేదు. కంపెనీ వెబ్‌సైట్‌లో వెతికితే దొరికింది. కవరు లోపలి వైపు మార్కర్‌తో "అప్‌డేట్లు: 2031 దాకా" అని రాసి పెట్టుకున్నాను.

పాతదాన్ని అమ్మలేదు. సిమ్ తీసేసి, బ్యాంకు ఖాతాలన్నీ తుడిచేసి, అమ్మకు ఇచ్చాను. పాటలు వినడానికి, ఫోటోలు చూసుకోవడానికి. వైరున్న ఇయర్‌ఫోన్లు చెవిలోంచి జారి పోవని ఆమెకు నచ్చింది. ఎప్పుడు తీయాలో తెలియడం లేదంటే, ఛార్జర్ పక్కన గోడ మీద చిన్న కాగితం అంటించాను. పెద్ద అంకెల్లో 80 అని.